ప్రశ్నించే విద్య



మన శాన్ రామన్ నగరంలో ఐరన్ హార్స్ ట్రైలును ఎరుగనివారు ఉండరు. ఒకప్పుడు ఆ దారిన రైలు నడిచేది. ఇప్పుడు పట్టాలు లేవు. ఆ బాట మీద మనం నడుస్తున్నాం, సైకిళ్లు తొక్కుతున్నాం. ఆ బాట బోలింజర్ కాన్యన్ రోడ్డును దాటేచోట కార్ల రాకపోకలు చాలా ఎక్కువ. అందువల్ల నడిచేవారికోసం, సైకిళ్లవారికోసం అక్కడ ఒక పైవంతెన కట్టాలని నగరం తలపెట్టింది.

ఇటువంటి పని తలపెట్టినప్పుడు నిర్ణయం ఎవరు చేయాలి? వంతెన ఎంత బరువు మోయగలదో ఇంజనీరుకు తెలుసు. డబ్బు ఎంత కావాలో, అది ఎక్కడినుంచి వస్తుందో లెక్కలు చూచే ఉద్యోగికి తెలుసు. రోజూ ఆ రోడ్డు దాటడంలో ఉన్న కష్టం బడికి వెళ్లే పిల్లవాడికి తెలుసు. శాస్త్రం తెలిసినవారు కొద్దిమంది. ఫలితం అనుభవించేవారు అనేకమంది. ఎవరి మాట చెల్లాలి?

ఈ ప్రశ్న ఇవాళ పుట్టినది కాదు. సుమారు 2,400 సంవత్సరాల క్రితమే గ్రీసు దేశంలోని ఏథెన్సు నగరంలో పెద్దలు దీనిని గురించి తర్కించారు. ఆ తర్కంలో ముగ్గురి పేర్లు లోకంలో నిలిచిపోయాయి. వారు సోక్రటీసు, ప్లేటో, అరిస్టాటిలు. వారు చెప్పిన మాటలు మన చదువుకు, మన జ్ఞానానికి, మన ఊరి పాలనకు నేడు ఎలా పనికివస్తాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గురుశిష్య పరంపర

ఈ ముగ్గురూ వరుసగా గురుశిష్యులు. సోక్రటీసు సుమారు క్రీ.పూ. 470లో ఏథెన్సులో జన్మించాడు. ఆయన పుస్తకాలేవీ వ్రాయలేదు, బడి పెట్టలేదు. అంగడివీధిలో, వ్యాయామశాలలో కనిపించినవారిని పలకరించి ప్రశ్నలు అడగడమే ఆయన పని. ధైర్యం అంటే ఏమిటి? న్యాయం అంటే ఏమిటి? భక్తి అంటే ఏమిటి? తమకు తెలుసునని చెప్పినవారే ఆయన ప్రశ్నలకు నిలువలేక తడబడేవారు.

ఆయన శిష్యుడు ప్లేటో. గురువు మాటలను సంభాషణల రూపంలో గ్రంథాలుగా వ్రాసినవాడు ఆయనే. సుమారు క్రీ.పూ. 387లో ఆయన ఏథెన్సులో అకాడమీ అనే విద్యాలయాన్ని స్థాపించాడు. అరిస్టాటిలు పదిహేడేళ్ల వయస్సులో ఆ అకాడమీలో చేరి, దాదాపు ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. అలెగ్జాండరుకు బాల్యంలో చదువు చెప్పినది ఈ అరిస్టాటిలే. తరువాత ఆయన లైసియం అనే తన సొంత విద్యాలయాన్ని నెలకొల్పాడు. గురువు మీద గౌరవం ఉన్నా, గురువు చెప్పినదానినల్లా అరిస్టాటిలు అంగీకరించలేదు. ఈ విషయం గుర్తుంచుకోండి. ముందు ముందు మనకు అవసరమవుతుంది.

విద్య: తెలియదని తెలియడం

ప్లేటో వ్రాసిన 'మెనో' అనే గ్రంథంలో ఒక చక్కని ఘట్టం ఉంది. సోక్రటీసు ఒక బాలుణ్ణి దగ్గరకు పిలుస్తాడు. ఆ బాలుడు మెనో అనే ధనికుని ఇంట బానిస. రేఖాగణితం ఎన్నడూ చదువుకోలేదు. సోక్రటీసు నేలమీద ఒక చదరం గీస్తాడు. దాని భుజం రెండు అడుగులు. అనగా వైశాల్యం నాలుగు చదరపు అడుగులు. దీనికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం గల చదరం కావాలంటే భుజం ఎంత ఉండాలని బాలుణ్ణి అడుగుతాడు.

మీరూ కాగితం, పెన్సిలు తీసుకోండి. చదువుతూ గీయండి.

వైశాల్యం రెట్టింపు కావాలి కనుక భుజం కూడా రెట్టింపు చేస్తే చాలునని బాలుడు ధీమాగా చెబుతాడు. అంటే నాలుగు అడుగులు. సోక్రటీసు తప్పని అనడు, మందలించడు. లెక్క కట్టి చూడమంటాడు. నాలుగు నాళ్లు పదహారు! కావలసినది ఎనిమిది మాత్రమే. అయితే భుజం మూడడుగులు ఉండాలంటాడు బాలుడు. మూడు మూళ్లు తొమ్మిది. ఇదీ కుదరలేదు. అప్పుడు బాలుడు తనకు తెలియదని ఒప్పుకుంటాడు.

సోక్రటీసు దృష్టిలో ఆ బాలుడు ఇప్పుడు వెనుకటికన్న మంచి స్థితిలో ఉన్నాడు. కొంతసేపటి క్రితం వాడికి జవాబు తెలియదు. అయినా తెలుసుననుకున్నాడు. ఇప్పుడూ జవాబు తెలియదు. కాని తెలియదని తెలుసు. కడుపు నిండిందనుకున్నవాడు అన్నం అడగడు. తెలుసుననుకున్నవాడు నేర్చుకోవడానికి కూర్చోడు. ఇప్పుడు వాడికి తెలుసుకోవాలనే ఆకలి పుట్టింది.

తరువాత సోక్రటీసు అదే కొలత గల నాలుగు చదరాలను పక్కపక్కన చేర్చి పెద్ద చదరం చేస్తాడు. ఒక్కొక్క చిన్న చదరంలో మూలనుంచి మూలకు ఒక గీత గీస్తాడు. ఆ గీతలను పెద్ద చదరం నడుమనున్న బిందువు వైపు కాకుండా, దాని చుట్టూ వచ్చేలా గీయండి. నాలుగు గీతలూ కలిసి మధ్యలో ఏటవాలుగా నిలిచిన చదరం ఏర్పడుతుంది. ప్రతి చిన్న చదరంలోనూ సగం దానిలో ఉంది. ఒక్కొక్క సగం రెండు చదరపు అడుగులు. నాలుగు రెళ్లు ఎనిమిది! కావలసిన చదరం దొరికింది. దాని భుజం మొదటి చదరపు కర్ణమే. జవాబులన్నీ బాలుని నోటనే వచ్చాయి.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. తప్పు జవాబు సిగ్గుపడవలసినది కాదు, మెట్టు వంటిది. నాలుగు అనకపోతే పదహారు రాదు. పదహారు రాకపోతే తప్పు తెలియదు. రెండవది, జవాబు చెప్పి వ్రాయించడం మాత్రమే బోధన కాదు. జవాబు వెదికే దారి చూపడం బోధన. మీ తరగతిలో టీచరుగారు వెంటనే జవాబు చెప్పక ఇంకొక ప్రశ్న వేస్తే విసుక్కోకండి. ఆమె ఈ దారినే నడుస్తున్నారు.

జ్ఞానం: కట్టుగొయ్యకు కట్టిన దూడ

అదే గ్రంథంలో సోక్రటీసు మరొక మంచి పోలిక చెప్పాడు. లరిస్సా అనే ఊరికి దారి బాగా తెలిసినవాడు మనలను అక్కడికి చేర్చగలడు. దారి తెలియకపోయినా, సరిగా ఊహించినవాడు కూడా చేర్చగలడు. ఇద్దరూ చేర్చినప్పుడు ఊహకు, జ్ఞానానికి తేడా ఏమిటి?

దీనిని మన ఊరికి వర్తింపజేసి చూద్దాం. శాన్ రామన్ నుంచి డాన్‌విల్‌కు సైకిలు మీద వెళ్లాలి. ఇద్దరు మిత్రులు బయలుదేరారు. ఒకరు ఫోను చెప్పినట్టు మలుపులు తిరిగారు. ఇంకొకరికి ఆ బాట ఉత్తరంగా పోతుందని, డయాబ్లో కొండ కుడివైపున కనబడుతుందని తెలుసు. ఇద్దరూ చేరారు. తిరిగివచ్చేటప్పుడు ఫోనులో చార్జి అయిపోయింది. మొదటివారు ఆగిపోయారు. రెండవవారు కొండ ఇప్పుడు ఎడమవైపు ఉండాలి కదా అనుకుంటూ ఇంటికి వచ్చారు. మొదటివారి దగ్గర ఉన్నది సరియైన సమాచారం. రెండవవారి దగ్గర ఉన్నది జ్ఞానం.

కారణంతో కట్టివేయని అభిప్రాయం నిలువక పారిపోతుందని సోక్రటీసు భావం. మన పల్లెల భాషలో చెప్పాలంటే అది కట్టుగొయ్యకు కట్టని దూడ. ఉదయం మన దొడ్లో ఉంటుంది, సాయంత్రానికి ఎవరి చేలోనో ఉంటుంది. ఎందుకు, ఎలా అన్న పలుపుతాడుతో కట్టినప్పుడే అది మనదవుతుంది.

నేడు కంప్యూటరును అడిగితే క్షణంలో జవాబు వస్తుంది. వ్యాసం కూడా వ్రాసిపెడుతుంది. అది ఒక్కొక్కప్పుడు ఒప్పు, ఒక్కొక్కప్పుడు తప్పు. రెండు జవాబులూ ఒకే ధీమాతో వస్తాయి. అందువల్ల జవాబు దొరకగానే పని ముగిసిందనుకోకూడదు. ఇది ఎలా తెలిసింది, ఎవరు చూచారు, వేరొకచోట దీనికి ఆధారం ఉందా అని అడగాలి. మెనో ఇంటి బాలుడు లెక్క కట్టి చూచినట్టు మనమూ చూడాలి.

పాలన: ఓడను నడిపేది ఎవరు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఏథెన్సులో ప్రజలే పాలకులు. యుక్తవయస్సు వచ్చిన పురుష పౌరులు సభలో కూడి, చేతులెత్తి నిర్ణయాలు చేసేవారు. ఇది లోకానికి గొప్ప కానుక. అయితే సభ పొరపడితే ఏమవుతుందో కూడా ఆ నగరమే చూపించింది.

క్రీ.పూ. 406లో అర్గినూసే దీవుల వద్ద ఏథెన్సు నౌకాదళం స్పార్టాపై గెలిచింది. కాని తుఫాను వల్ల, పగిలిన ఓడలలోని నావికులను కాపాడడం సాధ్యం కాలేదు. ఎందరో మునిగిపోయారు. ప్రజలకు దుఃఖం, దానితోపాటు ఆగ్రహం కలిగాయి. సేనానులందరినీ కలిపి ఒకే వోటుతో విచారించాలని సభలో కొందరు పట్టుపట్టారు. ఎవరి విచారణ వారికి వేరుగా జరగాలన్నది నియమం. ఆ నియమం గుర్తుచేసినవారిని కూడా దోషులతో కలుపుతామని బెదిరించారు. ఆ రోజు సభ నడిపించే బాధ్యత గలవారిలో సోక్రటీసు ఒకడు. తక్కిన వారు భయపడి లొంగిపోయారు. నలుగురితో నారాయణ అనడానికి సోక్రటీసు ఒక్కడే ఒప్పుకోలేదు. అయినా ఆయన మాట చెల్లలేదు. ఎనిమిదిమంది సేనానులకు శిక్ష పడింది. ఏథెన్సులో ఉన్న ఆరుగురి ప్రాణాలు పోయాయి. తరువాత ప్రజలు పశ్చాత్తాపపడ్డారు. కాని పోయిన ప్రాణాలు తిరిగిరాలేదు.

ఏడేళ్ల తరువాత, క్రీ.పూ. 399లో, సోక్రటీసు మీదనే నేరం మోపారు. నగర దేవతలను కొలవడంలేదని, యువకులను చెడగొడుతున్నాడని అభియోగం. అప్పటికి ఆయనకు సుమారు డెబ్బై ఏళ్లు. దాదాపు అయిదువందలమంది న్యాయనిర్ణేతలు వోటు వేశారు. మరణశిక్ష పడింది. పారిపోవడానికి మిత్రులు ఏర్పాట్లు చేసినా ఆయన ఒప్పుకోక, విషపాత్ర అందుకొని త్రాగాడు.

అప్పటికి ప్లేటో ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు. తన గురువును చంపినది వోట్ల లెక్క అని ఆయన మరువలేదు. 'రిపబ్లిక్' అనే గ్రంథంలో ఆయన రాజ్యాన్ని ఓడతో పోల్చాడు. ఓడ యజమాని బలశాలి, కాని చెవుడు, చూపు మందం. నావికులందరూ చుక్కాని నాకివ్వు, నాకివ్వు అని కొట్లాడుకుంటారు. నక్షత్రాలను, గాలులను, ఋతువులను తెలిసిన అసలు నావిగాణ్ణి ఆకాశం చూచే పనికిమాలినవాడని ఎగతాళి చేస్తారు. ఓడను నడపడం ఒక విద్య అయినప్పుడు దేశాన్ని నడపడం విద్య కాదా అని ప్లేటో ప్రశ్న. కాబట్టి చిరకాలం చదివి, పరీక్షలకు నిలిచిన జ్ఞానులే పాలించాలన్నాడు.

అరిస్టాటిలు ఇక్కడ గురువుతో విభేదించాడు. ఒక్కడు వండించిన విందుకన్న పదిమంది తలా ఒకటి తెచ్చిన విందు మేలుగా ఉండవచ్చునన్నాడు. ఒక్కొక్కరు సామాన్యులే అయినా, అందరూ కలిసినప్పుడు ఒకరికి తోచనిది మరొకరికి తోస్తుంది. ఇల్లు బాగుందో లేదో కట్టిన మేస్త్రీకన్న కాపురమున్నవారికి బాగా తెలుస్తుందని కూడా ఆయన అన్నాడు. మన వంటింటి మాటలో చెప్పాలంటే, పులుసులో ఉప్పెక్కువైందని చెప్పడానికి వంట రానక్కరలేదు, తిన్నవాడు చెప్పగలడు. అయితే ఆయన ఒక నియమం పెట్టాడు. మనుషుల ఆవేశం కాదు, చట్టమే అందరికీ పైన ఉండాలి. అర్గినూసే నాడు ఆ సభకు లోపించినది ఇదే.

మన ఊరి సభలో ముగ్గురు గురువులు

శాన్ రామన్ 1983లో నగరంగా ఏర్పడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 84,605 మంది ఉన్నారు. నగర పాలన సిటీ కౌన్సిల్ చేతిలో ఉంది. మేయరుతో కలిసి అయిదుగురు సభ్యులు. వీరిని ప్రజలు ఎన్నుకుంటారు. రోజువారీ పనులు నడపడానికి కౌన్సిల్ ఒక సిటీ మేనేజరును నియమిస్తుంది. ఆ అధికారి వోట్లతో రారు. పాలనలో నేర్పును, అనుభవాన్ని చూచి ఎంచుకుంటారు. ఆయన లేక ఆమె కింద ఇంజనీర్లు, లెక్కల ఉద్యోగులు పనిచేస్తారు.

చూచారా? చుక్కాని పట్టడం తెలిసినవారు కావాలన్న ప్లేటో మాట మేనేజరు కుర్చీలో ఉంది. పదిమంది తీర్పు కావాలన్న అరిస్టాటిలు మాట కౌన్సిల్ కుర్చీలలో ఉంది. మరి సోక్రటీసు ఎక్కడ? ఆయన స్థానం ప్రజలు లేచి మాట్లాడే మైకు దగ్గర ఉంది.

1953లో కాలిఫోర్నియా రాష్ట్రం బ్రౌన్ చట్టం చేసింది. దాని ప్రకారం కౌన్సిల్, స్కూలు బోర్డు వంటి సభలు బహిరంగంగా జరగాలి. మామూలు సమావేశంలో చర్చించే విషయాల పట్టికను 72 గంటల ముందే ప్రకటించాలి. పట్టికలో లేని విషయం మీద, అత్యవసరమైతే తప్ప, అప్పటికప్పుడు నిర్ణయం చేయకూడదు. ప్రజలకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. ఆవేశంలో ఒక్కపూటలో తీర్పు చెప్పిన ఏథెన్సు సభను తలచుకోండి. ఈ 72 గంటల విలువ మీకే తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మీ తాతగారి ఊరికి వెళ్లినప్పుడు గ్రామసభను గురించి అడగండి. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. ఊరి వోటర్లందరూ దానిలో సభ్యులే. చెరువు పూడిక తీయించడం ఎలాగో ఇంజనీరు చెప్పగలడు. ఏ తూము దగ్గర నీరు నిలువదో రైతు చెప్పగలడు. ఇద్దరి మాటా వినిపించే చోటు సభ. బోలింజర్ కాన్యన్ రోడ్డు వంతెనకు, ఊరి చెరువుకు ధర్మం ఒక్కటే.

ఒక తెలుగు తత్త్వవేత్త

తత్త్వవేత్తలు పాలకులు కావాలని ప్లేటో కోరాడు. ఆ కోరికను తలపించే జీవితం ఒకటి మన తెలుగువారిలోనే ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తత్త్వశాస్త్రం చదివి, అదే బోధించారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులయ్యారు. తూర్పు మతాలను, పాశ్చాత్య చింతనను పోల్చుతూ వారు ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం 1939లో వచ్చింది. స్వతంత్ర భారతంలో 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. వారి పుట్టినరోజే భారతదేశంలో ఉపాధ్యాయ దినోత్సవం.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. రాధాకృష్ణన్‌గారు జ్ఞాని కాబట్టి మాత్రమే రాష్ట్రపతి కాలేదు. ఎన్నికలో గెలిచారు. రాజ్యాంగానికి లోబడి పనిచేశారు. అయిదేళ్లు ముగియగానే, 1967లో, పదవి విడిచి వెళ్లారు. ప్లేటో కోరిన జ్ఞానం, అరిస్టాటిలు కోరిన చట్టం ఒకేచోట కలిశాయి.

గురువులనూ ప్రశ్నించాలి

ఈ ముగ్గురూ గొప్పవారే. అంతమాత్రాన వారు చెప్పినదంతా వేదవాక్కు కాదు. ఏథెన్సు సభలో స్త్రీలకు, బానిసలకు వోటు లేదు. అరిస్టాటిలు బానిసత్వాన్ని సమర్థించాడు. కొందరు పుట్టుకతోనే బానిసలుగా ఉండదగినవారన్నాడు. స్త్రీలు పాలనకు తగరన్నాడు. స్త్రీలు కూడా పాలకులు కావచ్చునని అంతకుముందే ప్లేటో వ్రాశాడు. మెనో ఇంటి బానిస బాలుడు ఏ చదువూ లేకుండానే రేఖాగణితం సాధించిన సంగతి అరిస్టాటిలు చదివే ఉండాలి. నేడు మనం ఆయనను, నీకు ఎలా తెలుసునని అడిగితే ఆయన జవాబు నిలువదు. ఎంత పెద్దవారి మాట అయినా కారణానికి నిలిచినప్పుడే అంగీకరించాలి. అరిస్టాటిలు తన గురువు విషయంలో చేసిన పనే మనం అరిస్టాటిలు విషయంలో చేస్తున్నాం.

ప్రశ్నించడమంటే ఎదిరించి మాట్లాడడం కాదు. ఇంట్లో అమ్మమ్మను, తరగతిలో గురువును, సభలో అధికారిని అడిగేటప్పుడు మర్యాద తప్పకూడదు. మరొక సంగతి. ఇతరులను అడిగే ముందు ఆ ప్రశ్న మనలను మనం వేసుకోవాలి. తనకు తెలియదని ఒప్పుకోవడానికి సిద్ధంగా లేనివాడు అడిగేది ప్రశ్న కాదు, తగవు. తనకు తెలియదని సోక్రటీసు ఎప్పుడూ ముందుగా ఒప్పుకునేవాడు.

మీలో చాలామందికి వోటు హక్కు రావడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. పద్దెనిమిదో ఏట వోటు దానంతట అదే వస్తుంది. తీర్పు చెప్పే నేర్పు మాత్రం ఆ రోజు హఠాత్తుగా రాదు. అది లెక్కల నోటుపుస్తకంలో, తరగతి చర్చలో, భోజనాల బల్ల దగ్గర నేటినుంచే అలవడాలి. ఎందుకు అని అడిగి, జవాబు వచ్చేవరకు ఓపిక పట్టి, కారణం సరిగా ఉంటే తన మాట మార్చుకోగలిగినవారే రేపు మంచి పౌరులు, మంచి పాలకులు అవుతారు.

అభ్యాసం

అ. పదాలు, అర్థాలు
తర్కించు: కారణాలు చూపుతూ వాదించు
పరంపర: వరుస
ధీమా: గట్టి నమ్మకం
కర్ణం: చదరంలో ఎదురెదురు మూలలను కలిపే గీత
పలుపుతాడు: పశువును కట్టే తాడు
అభియోగం: మోపిన నేరం
చుక్కాని: ఓడను దారికి తిప్పే సాధనం
తూము: చెరువునుంచి నీరు వదిలే మార్గం

ఆ. క్రింది ప్రశ్నలకు సమాధానాలు వ్రాయండి.
1. భుజం నాలుగు అడుగులని చెప్పినప్పటికన్న, తెలియదని ఒప్పుకున్నప్పుడు బాలుడు మంచి స్థితిలో ఉన్నాడని సోక్రటీసు ఎందుకు భావించాడు?
2. సమాచారానికి, జ్ఞానానికి గల భేదాన్ని మీ సొంత ఉదాహరణతో తెల్పండి.
3. అర్గినూసే సేనానుల విచారణలో జరిగిన అన్యాయం ఏమిటి?
4. ప్లేటో ఓడ పోలికకు అరిస్టాటిలు విందు పోలిక ఎలా జవాబవుతుంది? మీకు ఏది సమ్మతం? కారణాలు వ్రాయండి.

ఇ. సొంతవాక్యాలలో ప్రయోగించండి.
నలుగురితో నారాయణ, వేదవాక్కు, పట్టుపట్టు, ఎగతాళి చేయు

ఈ. చేసి చూడండి.
పెద్దల సహాయంతో సిటీ కౌన్సిల్ రాబోయే సమావేశపు విషయాల పట్టికను చూడండి. ఒక్క విషయం ఎన్నుకోండి. దానిని గురించి శాస్త్రం తెలిసినవారిని అడగవలసిన ప్రశ్న ఒకటి, ఫలితం అనుభవించేవారిని అడగవలసిన ప్రశ్న ఒకటి, మిమ్మల్ని మీరు అడుగుకోవలసిన ప్రశ్న ఒకటి తెలుగులో వ్రాసి తరగతికి తీసుకురండి.